వంటింట్లోకి వచ్చిన ఫోటో స్టూలు

నేను ఒక తిరుగుడు స్టూలును. మూడు ఇనుప కాళ్ళు, వాటిని కలుపుతూ కింద ఒక ఇనుప రింగు, నడుమ లావుపాటి మరకడ్డీ, పైన గుండ్రటి టేకు చెక్క. చెక్కను ఒకవైపు తిప్పితే పైకి లేస్తాను, ఇంకోవైపు తిప్పితే కిందికి దిగుతాను. నాకు వచ్చిన విద్య అంతే. ఆ ఒక్క విద్యతోనే పాలకొల్లు ఊళ్ళో సగం మందిని నా మీద కూర్చోబెట్టుకున్నాను.

మీరు ఆ చుట్టుపక్కల పుట్టి, పదో తరగతి పరీక్షలకు ఫోటో దిగి ఉంటే, నా మీద కూర్చునే ఉంటారు. గుర్తుకు రావడం లేదా? రాదు లెండి. ఫోటో దిగేవాళ్ళకు తమ ముఖం తప్ప ఇంకేమీ గుర్తుండదు. పైగా పాస్‌పోర్టు ఫోటోలో మనిషి ఛాతీ దాకానే పడతాడు. కింద ఆ మనిషిని మోస్తున్నది ఎవరో ఎవరికీ కనబడదు. ఈ విషయంలో నాకు మొదట్లో కాస్త కినుకగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.

నేను పుట్టింది రాజమండ్రిలో, ఒక లేతు మిషను షెడ్డులో. చేయించుకున్నది ఒక పళ్ళ డాక్టరు. కొత్తలో నేను తిరిగినప్పుడల్లా కీచుమనేవాణ్ణి. డాక్టరుగారు ఇంకా పట్టకారు చేతిలోకి తీసుకోకముందే, నా కీచు విని పేషెంట్లు నోరు గట్టిగా మూసేసుకునేవారు. ఒకాయనైతే పన్ను నొప్పి తగ్గిపోయిందని చెప్పి లేచి వెళ్ళిపోయాడు. డాక్టరుగారికి ఒళ్ళు మండి, నన్ను మళ్ళీ ఆ షెడ్డుకే పంపించేశారు. అక్కడ దుమ్ము కొట్టుకుంటూ పడి ఉన్నప్పుడు సూరపరాజుగారు వచ్చారు. అప్పుడు ఆయన కుర్రవాడు, పాలకొల్లులో కొత్తగా ఫోటో స్టూడియో పెట్టుకుంటున్నాడు. నన్ను ఒకసారి తిప్పి చూసి, "దీని నోటికి కాస్త ఆముదం పోస్తే సరిపోద్దండి" అన్నాడు. అలాగే పోశాడు. అంతటితో నా నోరు పడిపోయింది.

స్టూడియో పేరు వేణీ ఫోటో స్టూడియో. పేరు ఆయన భార్య వీరవేణిగారిది. ముందు గది స్టూడియో, వెనక రెండు గదులు ఇల్లు. మధ్యలో ఒక గళ్ళ కర్టెను. నా జీవితం చాలాకాలం ఆ కర్టెనుకు ఇవతలే గడిచింది. అవతల్నించి నాకు వచ్చింది పోపు వాసన ఒక్కటే. ఫోటోకు కూర్చున్నవాళ్ళు ఊపిరి బిగబట్టి, ఆ వాసనకు గుటక వేసి, ఫోటో చెడగొట్టుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

మనుషులకు కూర్చోవడం రాదు. ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట. ఇంట్లో హాయిగా గోడకు చేరగిలబడేవాడు కూడా నా మీదికి రాగానే కొయ్యబారిపోతాడు. స్టూడియోలో ఒకే ఒక్క కోటు ఉండేది, మేకుకు తగిలించి. వచ్చినవాళ్ళందరూ దాన్నే తొడుక్కునేవారు. కువైట్ వెళ్ళే ఆడవాళ్ళు, బ్యాంకు పరీక్షలు రాసే పిల్లలు, రొయ్యల చెరువుల కామందులు, అందరూ అద్దం ముందు నిలబడి, అదే దువ్వెనతో దువ్వుకుని, అదే పౌడరు రాసుకుని, నా మీద కూర్చుని ఊపిరి బిగబట్టేవారు. సూరపరాజుగారు కెమెరా దగ్గర ఒక కన్ను మూసి చూసి, దగ్గరికి వచ్చి మనిషిని లేపి, నన్ను గిర్రున తిప్పి, మళ్ళీ కూర్చోబెట్టేవారు. ముఖం కెమెరాకు సరిగ్గా ఎదురు రావాలి. భుజాలు వాలాలి. ఆ తర్వాత ఒకటే మాట.

"ఆయ్, కదలకండి."

ఎవరూ కదిలేవారు కాదు. ఎత్తు బాగుందా అని ఆయన ఎవర్నీ అడిగిందీ లేదు. అడగాల్సిన పని కూడా లేదు. ఫోటో బాగా వచ్చేది. కదిలిన ఫోటో ఏదైనా వస్తే, చూపించడానికి కూడా ఇష్టపడక చింపి పారేసేవారు. ఊళ్ళో ఆయన పేరంతా దాని మీదే నిలబడింది.

ఊరందరి ఫోటోలూ అద్దాల బీరువాలో ఉండేవి, వీరవేణిగారిది తప్ప. ఆవిడ ఫోటో ఒక్కటే ఉంది, అది పెళ్ళయిన కొత్తలో వేరే ఊళ్ళో దిగింది. అందులో సూరపరాజుగారు చేతుల కుర్చీలో దర్జాగా కూర్చున్నారు. ఆవిడ కుర్చీ పక్కన చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఆ రోజుల్లో అందరి పెళ్ళి ఫోటోలూ అలాగే ఉండేవి. "ఓసారి వచ్చి కూర్చోవే, నీ ఫోటో తీస్తాను" అని ఆయన కర్టెను ఇవతల్నించి పిలిచినప్పుడల్లా, "పొయ్యి మీద పులుసుందండీ" అని అవతల్నించి జవాబు వచ్చేది. పిలిచింది నిజమే. వెంటనే రెండోసారి పిలవనిదీ నిజమే. ప్రేమ లేక కాదు, బేరం వచ్చేది.

తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. మనుషులు తమను తామే తీసుకోవడం మొదలుపెట్టారు. సూరపరాజుగారు డిజిటల్ కెమెరా కూడా కొన్నారు గానీ, అప్పటికే జనం స్టూడియో గుమ్మం మరిచిపోయారు. చివరికి ముందు గదిని సెల్‌ఫోన్ కవర్లు అమ్మే అతనికి అద్దెకిచ్చారు. కోటును ఎవరికో ఇచ్చేశారు. నన్ను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. కర్టెను ఎత్తి, మొదటిసారి ఇంట్లోకి తీసుకొచ్చి, కూరల బుట్ట పెట్టుకోవడానికి ఒక మూల నిలబెట్టారు.

అలా నేనూ ఆయనా ఒకేసారి ఇంట్లోకి వచ్చాం. ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని పేపరు చదివేవారు. అక్కడినుంచి వంటిల్లు కనబడుతుంది. ఇన్నేళ్ళూ ఆ వంటింట్లోంచి వచ్చిన టీ గ్లాసునూ కంచాన్నీ చూశారు గానీ, అవి ఎలా వస్తున్నాయో ఆయన చూడలేదు. ఇప్పుడు చూశారు. వీరవేణిగారు ఎడమ అరచెయ్యి గ్యాసు గట్టుకు ఆనించి, బరువంతా ఆ చేతి మీద వేసి, కుడిచేత్తో గరిట తిప్పుతున్నారు. కాసేపటికి ఒక కాలు ఎత్తి రెండో కాలి మీద నిలబడతారు. ఇంకాసేపటికి కాలు మారుస్తారు. పోపు వేశాక తలుపు చట్టం పట్టుకుని, కళ్ళు మూసుకుని, మోకాళ్ళ నొప్పి వెళ్ళిపోయేదాకా ఆగుతారు. తర్వాత ఏమీ ఎరగనట్టు కంచాలు పెడతారు.

ఆయన పేపరు మడిచారు. కూరల బుట్ట దింపి, నన్ను తుడిచి, మరకు నూనె రాసి, గ్యాసు గట్టు ముందు తీసుకొచ్చి పెట్టారు.

"ఇదేటండీ?" అందావిడ.

"కూర్చుని వండవే."

"కూర్చుని వండడమా? ఎవరైనా చూస్తే నవ్విపోతారు. రోగిష్టి వంట అంటారు."

"మా అమ్మ జన్మంతా కూర్చునే వండింది కదే. పీటేసుకుని."

"అది కట్టెల పొయ్యండీ. పొయ్యి నేల మీదుంటే మనిషీ నేల మీదే ఉంటాది. మీరే కదా గ్యాసు తెచ్చి గట్టు కట్టించేరు? పొయ్యి పైకెళ్ళింది, నేనూ లేచి నించున్నాను."

ఆ మాట నాకు భలే నచ్చింది. ఈ మనుషులు పొయ్యిని నడుమంత ఎత్తు లేపారు గానీ, దాంతోపాటు పీటను లేపాలన్న ఊహ ఎవరికీ రాలేదు. పీటను తీసుకెళ్ళి అటక మీద పడేసి, ఆడవాళ్ళను నిలబెట్టేశారు. ఆపైన నిలబడితేనే వంట అని వాళ్ళే ఒక నియమం కూడా చేసుకున్నారు.

ఆవిడ కూర్చోనంది. ఆయన పట్టుబట్టారు. ఆయన ముఖంలో సంబరం చూసి, పోనీలే పాపం అనుకుని చివరికి కూర్చుంది. అప్పుడు సూరపరాజుగారు ఏం చేశారనుకున్నారు? వంటింటి గుమ్మం దాకా వెనక్కి వెళ్ళారు. ఒక కన్ను మూశారు. తల అటూ ఇటూ వంచి చూశారు. దగ్గరికి వచ్చి ఆవిడను లేపి, నన్ను గిర్రున తిప్పి కిందికి దించి, మళ్ళీ కూర్చోబెట్టారు. మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి చూశారు. "ఆయ్, ఇప్పుడు అదిరింది" అన్నారు.

అదిరింది నిజమే, ఫోటోకు. ఆయన పెట్టింది పాస్‌పోర్టు ఎత్తు. ముఖం ఎదురుగా, భుజాలు వాల్చి, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ ఎదురుగా ఉన్నది కెమెరా కాదు, గ్యాసు పొయ్యి. అది ఆవిడ మెడ దాకా వచ్చింది. గరిట తిప్పాలంటే చెయ్యి భుజం పైకెత్తాలి. బాండీలో ఏముందో కనబడదు. ఆవాలు చిటపటలాడితే సరాసరి ముఖం మీదికే. పోపుల పెట్టె కోసం పక్కకు వంగితే నేను గిర్రున తిరుగుతాను. ఆవిడ ఒకసారి పోపుల పెట్టె అనుకుని చెయ్యి చాపేసరికి ఫ్రిజ్జు ఎదురైంది.

ఇంత అవస్థా పెట్టుకుని ఆవిడ ఒక్క మాట అనలేదు. "బాగుందా?" అని ఆయన బల్ల దగ్గర్నించి అడిగితే, "శుభ్రంగా ఉందండీ" అనేది. ఆయన పేపరు పట్టుకుని వీధి అరుగు మీదికి వెళ్ళగానే మెల్లగా లేచి, నన్ను కాలితో పక్కకు తోసి, ఎప్పట్లా నిలబడి వండుకునేది. ఆయన చెప్పుల చప్పుడు వినబడగానే నన్ను లాక్కుని మళ్ళీ కూర్చునేది. ఆయన మనసు నొచ్చుకోకూడదని ఆవిడ, ఆవిడ కాళ్ళు నొచ్చుకోకూడదని ఆయన. మధ్యలో నేను. ఇద్దరి ప్రేమా చూస్తుంటే నవ్వొచ్చేది, ఇద్దరి మీదా కోపమూ వచ్చేది. నాకు నోరుంటేనా, ఆ ఎత్తు మార్చుకోవే తల్లీ అని అరిచి ఉందును. ఆ నోటిని ఎప్పుడో ఆముదం పోసి మూయించారు.

రోజూ కూర్చోవడం, లేవడం, తొయ్యడం, లాక్కోవడం. ఆవిడ పని తగ్గకపోగా రెట్టింపైంది. ఒక రోజు మధ్యాహ్నం అన్నం ఉడికింది. వీరవేణిగారికి గంజి వార్చిన అన్నమే అన్నం. చెప్పుల చప్పుడు విని గబుక్కున కూర్చోబోయి, వార్చాల్సిన గిన్నె గుర్తొచ్చి, మళ్ళీ లేచి దాన్ని ఎత్తింది. మోకాలు సహకరించలేదు. చేతిలో గిన్నె ఒరిగింది. వేడి గంజి పాదం మీద పడింది.

పెద్ద కాలిన గాయమే. నయం కావడానికి చాలా రోజులు పట్టింది. వాళ్ళ అమ్మాయి ఛాయ భీమవరంలో ఉంటుంది, అక్కడ బ్యాంకులో పని. కబురు తెలియగానే పరుగెత్తుకుని వచ్చింది. తల్లి పాదం చూసి ఏడ్చింది. ఏడుపు అయ్యాక కోప్పడింది. మొదట తండ్రిని, తర్వాత తల్లిని, ఆ తర్వాత నన్ను.

"గిర్రున తిరిగే స్టూలు మీద కూర్చోబెట్టి పొయ్యి దగ్గర వండిస్తారా నాన్నా? బుద్ధుండే చేసేరా? దీన్ని ముందు పాత ఇనుముకి వేసేయండి."

"దాని తప్పేం లేదే..." అని వీరవేణిగారు మంచం మీద నుంచి సణిగారు. ఆ సణుగుడు నేను ఈ జన్మలో మరచిపోను.

"అమ్మా, ఇంక చాలు. జన్మంతా వండేవు. మార్కెట్ వీధిలో మెస్సుంది. రెండు పూటలా క్యారియర్ వస్తాది. వచ్చే నెల మొదటి ఆదివారం వచ్చి, గ్యాసు పొయ్యి నేను పట్టుకుపోతాను. టీ పెట్టుకోడానికి కరెంటు కెటిల్ కొంటాను. అంతే."

"పొయ్యి తీసేస్తావా?" అందావిడ. గొంతు చాలా చిన్నగా ఉంది. "నేను వండకపోతే ఈ ఇంట్లో నేనెవర్నే?"

ఛాయ దూది అందుకుంది. తల్లి పాదానికి మందు రాస్తూ తల దించుకుంది. ఆ పిల్ల చెడ్డది కాదు. భయపడింది, అంతే. భయపడిన మనిషి మొదట చేసేది పొయ్యి ఆర్పడమే.

నన్ను పెరటి వరండాలో పెట్టేశారు, పాత ఇనుము వాడు వచ్చినప్పుడు ఇవ్వడానికి. నా పక్కన విరిగిన కొళాయి, చిల్లు పడ్డ బకెట్టు. అక్కడినుంచి కిటికీలో వంటిల్లు కనబడేది. క్యారియర్ వచ్చేది. మెస్సు వాళ్ళు మంచివాళ్ళే, వేళకు పంపేవారు. కాకపోతే వంకాయైనా దొండకాయైనా ఒకే ఎర్రటి గ్రేవీలో మునిగి వచ్చేది. మూత తీసి ఏ కూరో కనుక్కోవడమే సూరపరాజుగారికి కాలక్షేపమైంది. వీరవేణిగారు నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేవారు. పాదం మానింది, నడుస్తున్నారు. అయినా వంటింట్లోకి వచ్చి, వాడని గిన్నెలు మళ్ళీ తోమి బోర్లించేవారు. పోపుల పెట్టె మూత తీసి, ఆవాలూ జీలకర్రా ఉన్నాయో లేదో చూసి, మళ్ళీ మూసేవారు. ఆవిణ్ణి అలా చూడడం నాకు చాలా కష్టంగా ఉండేది. నా గతి ఏమవుతుందా అన్న దిగులు కన్నా అదే ఎక్కువగా ఉండేది.

సూరపరాజుగారూ చూస్తూనే ఉన్నారు. ఒక ఉదయం ఆవిడ ఇంకా లేవకముందే వంటింట్లోకి వచ్చారు. భార్యకు ఉప్మా చేసి పెడదామని. జన్మలో పొయ్యి వెలిగించని మనిషి. ఉల్లిపాయలు మాత్రం చాలా బాగా తరిగారు. ఫోటోల అంచులు కత్తిరించిన చెయ్యి కదా, ప్రతి ముక్కా ఒకే సైజు. తరిగేసరికి ఆయన నడుమూ పట్టేసింది. ఆయనా ముసలివాడే కదా, ఆ సంగతి ఆయనా నేనూ కూడా మరిచిపోయాం. పెరట్లోకి వచ్చి నన్ను ఎత్తుకుని తీసుకెళ్ళి, పొయ్యి ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆయన పెట్టిన ఎత్తులోనే ఉన్నాను నేను.

నూనె కాగింది. ఆవాలు వేశారు. ఆవాలు ఎగిరి కళ్ళజోడు మీద పడ్డాయి. చెయ్యి పైకెత్తి గరిట తిప్పబోతే భుజం పట్టేసింది. జీడిపప్పు కోసం పక్కకు వంగితే నేను నా ధర్మం నేను చేశాను. ఆయన గిర్రున తిరిగి గుమ్మం వైపు తేలారు. గుమ్మంలో వీరవేణిగారు నిలబడి ఉన్నారు.

చాలా రోజుల తర్వాత ఆవిడ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని మరీ నవ్వింది.

"ఇదేటే, మెడ దాకా వచ్చింది పొయ్యి?" అన్నారాయన.

"నాకూ అంతేనండీ."

ఆయన గరిట పక్కన పెట్టారు. "మరి శుభ్రంగా ఉందన్నావు?"

"మీరంత సరదా పడి పెట్టేరు. ఎలా చెప్పమంటారు? మీరు సర్దేక ఎవరైనా కదిలేరా ఎప్పుడైనా?"

ఆయన కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. తుడిచినా తుడిచినా మసకగానే ఉంది కాబోలు, చాలాసేపు తుడిచారు. తర్వాత లేచి, నన్ను ఆవిడ ముందుకు జరిపారు.

"నీకెంత ఎత్తు కావాలో నువ్వే తిప్పుకోవే."

ఎంతమంది కూర్చున్నారు నా మీద! ఒక్కళ్ళ చేతికైనా నన్ను ఇవ్వలేదు సూరపరాజుగారు. వీరవేణిగారు నా చెక్క మీద అరచెయ్యి వేసి మెల్లగా తిప్పింది. పైకి లేచాను. కూర్చుని చూసింది. చాలదంది. మళ్ళీ తిప్పింది. నేను స్టూడియోలో ఎప్పుడూ లేవనంత పైకి లేచాను. ఈసారి కూర్చుంటే మోచెయ్యి గట్టు కన్నా కాస్త పైకి వచ్చింది. చెయ్యి ఎత్తక్కర్లేకుండా గరిట బాండీలో తిరిగింది. ఎత్తులో ఉన్న కాళ్ళు గాలిలో వేలాడకుండా కింద రింగు మీద ఆనాయి. ఆ రింగు ఎందుకుందో నాకు ఆ రోజు దాకా తెలియదు. ఫోటోకు కూర్చున్నవాళ్ళు దాన్ని ఎప్పుడూ వాడలేదు.

"ఆఁ, ఇక్కడ" అందావిడ.

నా మెడ దగ్గర ఒక చిన్న మర ఉంది. దాన్ని బిగిస్తే నేను తిరగను. సూరపరాజుగారు దాన్ని గట్టిగా బిగించారు. కాళ్ళకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగారు, జారకుండా.

ఆ తర్వాత ఆవిడ అక్కడే కూర్చుని వంటిల్లంతా తన చుట్టూ తిప్పుకుంది. నేను తిరగడం మానేశాక ఇల్లు తిరగడం మొదలుపెట్టింది. పోపుల పెట్టె పై అరలోంచి దిగి ఆవిడ కుడిచేతి దగ్గరికి వచ్చింది. ఉప్పు, చింతపండు, నూనె ఎడమచేతి దగ్గరికి. బరువైన ఇత్తడి గిన్నెలు అటకెక్కాయి, తేలికపాటివి కిందికి వచ్చాయి. కూరలు తరగడం బల్ల దగ్గర, పొద్దున్నే, కబుర్లు చెప్పుకుంటూ. అది సూరపరాజుగారి పని. గంజి వార్చడం కూడా ఆయనదే. కెమెరా ముందు ఊపిరి బిగబట్టి చెయ్యి వణక్కుండా నిలబడిన మనిషి కదా, గిన్నె వంచినప్పుడు ఒక్క మెతుకు జారదు. ఒకేసారి మూడు కూరలు వండే పట్టుదల ఆవిడ మానుకుంది. ఒక కూర, ఒక పచ్చడి, మజ్జిగ. మధ్యలో అలసట వస్తే మంట తగ్గించి, నా మీదే కూర్చుని కిటికీలోంచి పెరటి వైపు చూసేది.

ఆనపకాయ ముక్కలు చూసి ఆవిడ ఒకసారి అడిగింది. "ఇవేటండీ, అన్నీ ఒకే సైజున్నాయి?"

"పాస్‌పోర్టు సైజే" అన్నారాయన గర్వంగా.

అలా కొన్నాళ్ళు గడిచాయి. క్యారియర్ వస్తూనే ఉంది. దాన్ని వాళ్ళు పక్క వీధిలో ఒక వాచ్‌మన్ కుటుంబానికి ఇచ్చేస్తున్నారు. అమ్మాయికి మాత్రం చెప్పలేదు. నెల మొదటి ఆదివారం దగ్గర పడేకొద్దీ ఇద్దరూ క్యాలెండరు వైపు చూడడం ఎక్కువైంది. పొయ్యి పట్టుకుపోతానంది కదా. ఫోన్లో చెబితే వద్దంటుంది. కళ్ళతో చూస్తేనే నమ్ముతుంది. నమ్మకపోతే పొయ్యీ పోతుంది, నేనూ పోతాను.

ఆ ఆదివారం ఛాయకు ఇష్టమైన కంద బచ్చలి కూర పెట్టారు. కంద చెక్కు తీయడం అంటే మాటలు కాదు, చేతులు దురద పుడతాయి. సూరపరాజుగారు చేతులకు నూనె రాసుకుని, దురదలకు ఆయ్ ఊయ్ అంటూ, మొత్తానికి తరిగి ఇచ్చారు. కందా బచ్చలీ ఉడికాయి. చింతపండు పులుసు పోశారు. ఆవిడ నా మీద కూర్చుని గరిటతో కందను మెత్తగా మెదుపుతూ ఉండగా, వీధిలో ఆటో ఆగింది.

ఛాయ లోపలికి వచ్చింది, చేతిలో కెటిల్ డబ్బాతో. గుమ్మంలోనే ఆగిపోయింది. నన్ను చూసింది. దాని కళ్ళు పెద్దవయ్యాయి.

"నాన్నా! ఇదింకా ఇంట్లోనే ఉందా?"

బాండీలో కూర గుబగుబలాడుతోంది. ఛాయ డబ్బా కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. నా కాలు పట్టుకుని ఊపింది. నేను ఊగలేదు. చెక్క పట్టుకుని తిప్పబోయింది. నేను తిరగలేదు. ఆ క్షణంలో నా మరలు నా మాట విన్నందుకు వాటికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో! తర్వాత ఆ పిల్ల వంగి తల్లి పాదం చూసింది, మచ్చ మీద వేలు పెట్టి రాసింది. పాదం రింగు మీద నిశ్చింతగా ఆని ఉంది. తల్లి ఎడమ చెయ్యి చూసింది. ఆ చెయ్యి గట్టుకు ఆని లేదు, ఒళ్ళో ఖాళీగా ఉంది. ఆ పిల్ల తన చిన్నతనం నుంచీ ఆ చెయ్యి గట్టు మీదే కదా చూసింది.

"నొప్పెట్టట్లేదా అమ్మా?"

"నొప్పెందుకే? కూర్చునే ఉన్నాను కదా. ఆవ ముద్ద ఇలా అందుకో. వద్దులే, ఇక్కడే ఉంది."

ఛాయ గోడకు ఆనుకుని నిలబడింది. ఏడుపు ఆపుకుంటున్న ముఖాలు నాకు బాగా తెలుసు, హాల్ టికెట్టు ఫోటోలప్పుడు చాలా చూశాను. "నాకు భయమేసిందమ్మా. నువ్వు ఒక్కదానివీ పడిపోతావేమోనని..." అంది.

"నేనొక్కదాన్నెందుకే? గంజి వార్చేది మీ నాన్నగారే."

"నాన్నా? నాన్నగారు గంజి వారుస్తున్నారా?" అంటూ ఛాయ ఏడుస్తూనే నవ్వేసింది. బాండీ అంచుకు అంటుకున్న కూర వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. ఇంకోసారి తీసుకుంది. తర్వాత తండ్రితో, "మెస్సు ఆయనకి ఫోన్ చేసి క్యారియర్ వద్దని చెప్పేయండి నాన్నా" అంది. కెటిల్ డబ్బా కట్టు విప్పనే లేదు.

ఆ సంబరంలో ఛాయ సెల్‌ఫోను తీసి తల్లికి ఫోటో తీయబోయింది. సూరపరాజుగారికి పౌరుషం వచ్చింది. ఫోటోగ్రాఫరు ఇంట్లో ఉండగా సెల్‌ఫోనేమిటని, బీరువాలోంచి కెమెరా తీశారు. గుమ్మంలో స్టాండు మీద నిలబెట్టారు. ఫ్లాష్ వేస్తే ఆవిరి తెల్లగా పడుతుందని, కిటికీ వెలుగు చాలన్నారు. ఒక కన్ను మూసి చూశారు. అలవాటు కొద్దీ నా దగ్గరికి వచ్చి చెక్క మీద చెయ్యి వేశారు. వేసిన చెయ్యి మళ్ళీ తీసేసుకున్నారు. "ఎత్తు బానే ఉందిలే" అని గొణుక్కున్నారు. కెమెరాలో టైమరు నొక్కి, గబగబా వచ్చి ఆవిడ పక్కన, నా మీద ఒక చెయ్యి ఆనించి నిలబడ్డారు.

"వేణీ, కదలకు."

"కదలకపోతే కూర అడుగంటుతాదండీ" అని ఆవిడ గరిట తిప్పుతూనే ఉంది.

ఫోటో ప్రింటు వేయించారు. సూరపరాజుగారు అందులో కొయ్యలా బిగుసుకుని, కనుబొమలతో సహా స్పష్టంగా ఉన్నారు. వీరవేణిగారి ముఖం నవ్వుతోంది. గరిట పట్టుకున్న చెయ్యి మాత్రం చెదిరి, పొగలా పడింది. కదిలిన ఫోటో. ఆయన దాన్ని చింపేస్తారనే నేననుకున్నాను. చాలాసేపు చేత్తో పట్టుకుని చూశారు. తర్వాత ఫ్రేము కట్టించి, భోజనాల బల్ల పైన, పెళ్ళి ఫోటో పక్కనే తగిలించారు. ఒకదాంట్లో ఆయన కూర్చుంటే ఆవిడ నిలబడి ఉంది. రెండోదాంట్లో ఆవిడ కూర్చుంటే ఆయన నిలబడి ఉన్నారు.

నేను రోజూ పొద్దున్నే ఆవిడ కోసం ఎదురుచూస్తాను. ఆవిడ వచ్చి కూర్చుంటుంది, కాళ్ళు రింగు మీద పెట్టుకుంటుంది, ఒకసారి ఊపిరి వదులుతుంది. నా మీద కూర్చుని ఊపిరి బిగబట్టని మనిషి ఆవిడొక్కతే. కూర ఉడికేలోపు నేను తల ఎత్తకుండానే ఆ ఫోటో వైపు చూస్తాను. ఊరందరి ఫోటోల్లో లేని నేను, అందులో మూడు కాళ్ళతో, రింగుతో, ఆవిడ పాదాలతో సహా నిండుగా పడ్డాను.